తలకు తగిన టోపీ

గత సంవత్సరం యాసంగి వరికోతల రోజుల్లో, మహమ్మద్‌నగర్‌లో ఉండే మా మామూకు వడదెబ్బ తగిలింది. కొనుగోలు కేంద్రం వద్ద ధాన్యం ఆరబోసి, ఎప్పుడు అకాల వర్షం ముంచుకొస్తుందోనన్న భయంతో మిట్టమధ్యాహ్నం మూడు గంటలసేపు కుప్పల పక్కనే నిలబడ్డారు. తలమీద ఉన్నది చెమటకు తడిసిన రుమాలు ఒక్కటే. కళ్లు తిరిగి పడిపోతే పక్కవారు నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచి, ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అల్లాహ్ దయవల్ల రెండు రోజుల్లో తేరుకున్నారు. కానీ ఈ వార్త విన్న ఆయన కుమారుడు గల్ఫ్‌లో చాలా రోజులు సరిగా నిద్రపోలేదు.

కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతాల్లో ఇటువంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కొడుకు ఎడారి ఎండలో పనిచేస్తుంటాడు. తండ్రి ఇక్కడ పొలం ఎండలో పనిచేస్తుంటాడు. ఒకరి ఎండ గురించి మరొకరు దిగులుపడుతుంటారు. డిసెంబరులో సెలవు మీద వచ్చిన ఆ అబ్బాయి, నగరంలోని ఒక దుకాణంలో తండ్రి కోసం ఒక టోపీ కొన్నాడు. చుట్టూ అంచు, పైన మధ్యలో లోతైన మడత, ముందువైపు రెండు నొక్కులు, మొదట్లో నల్లని పట్టీ కలిగిన ఫెడోరా టోపీ అది. ‘స్వచ్ఛమైన ఉన్ని, విదేశీ సరుకు’ అని దుకాణదారుడు చెప్పిన మాట నమ్మి 2,800 రూపాయలు చెల్లించాడు. బిల్లు అడగలేదు.

మామూ సంతోషంగా ధరించారు. మస్జిదు మెట్ల దగ్గర ఒకాయన, “ఏం భాయ్, ఈ వయసులో దొరవయ్యావా?” అని నవ్వారు. మరొక పెద్దమనిషి నవ్వకుండానే, “ఇది మన వేషం కాదు” అన్నారు. మామూ ఎవరికీ బదులు చెప్పలేదు. ఆ తరువాత నమాజుకు వెళ్లేటప్పుడు ఆ టోపీని సంచిలో దాచుకునేవారు.

ఏప్రిల్ వచ్చింది. పొలంలో అరగంట ధరించేసరికి తల ఉడికిపోయింది. ఒక సాయంత్రం కురిసిన వానకు అంచు తడిసిన అప్పడంలా వేలాడింది. నల్లరంగు కారి తెల్లని కుర్తా భుజాల మీద చారలు కట్టింది. మామూ తిరిగి రుమాలు చుట్టుకున్నారు. కొడుకు ఫోను చేసినప్పుడల్లా మాత్రం, “బాగుంది బేటా, రోజూ పెట్టుకుంటున్నాను” అని చెబుతూ వచ్చారు.

మే నెలలో నేను వారింటికి వెళ్లినప్పుడు అలమారా మీద ఆ టోపీ కనిపించింది. అసలు సంగతి ముమానీ చెప్పారు. ‘టోపీ పెట్టడం’ అంటే మోసం చేయడమని మన భాషలో ఒక వాడుక ఉంది. ఆ దుకాణంలో మా తమ్ముడికి అక్షరాలా అదే జరిగింది. అయితే తప్పంతా దుకాణదారుడిదే అనడానికి కూడా వీలులేదు. కొనేవారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ నెల వాటిని గురించి చెప్పుకుందాం.

ఫెల్టు అంటే ఏమిటి?

ఫెడోరా అనే పేరు ఒక నాటకం నుంచి వచ్చింది. ఫ్రెంచి రచయిత విక్టోరియన్ సార్దూ 1882లో ‘ఫెదోరా’ అనే నాటకం రాశాడు. అందులో కథానాయిక పాత్ర ధరించిన సారా బెర్నార్ట్ కారణంగా ఈ రకం టోపీకి ఆ పేరు స్థిరపడింది. మొదట స్త్రీలు ధరించిన ఈ టోపీ తరువాతి దశాబ్దాల్లో పురుషుల టోపీగా ప్రపంచమంతా వ్యాపించింది. ఇటలీలోని అలెస్సాండ్రియా పట్టణంలో 1857లో ప్రారంభమైన బోర్సలినో సంస్థ ఈ తరహా టోపీలకు నేటికీ ప్రసిద్ధి.

మేలైన ఫెడోరాను ఫెల్టుతో చేస్తారు. ఫెల్టు నేసిన బట్ట కాదు. అందులో పడుగూ ఉండదు, పేకా ఉండదు. జంతువుల ఉన్ని పోగుల మీద కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి. ఉన్నిని వేడినీటితో తడిపి అదేపనిగా ఒత్తితే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గట్టి పొరగా మారుతాయి. కాశ్మీరు నమ్దాలను తయారుచేసేది కూడా ఈ సూత్రం మీదనే. మన కురుమ సోదరులు దక్కనీ గొర్రెల ఉన్నితో చేసే గొంగడి వేరు. దానిని నూలు వడికి మగ్గం మీద నేస్తారు. అయితే ఆ గొంగడి వానకు ఎందుకు తట్టుకుంటుందో, ఉన్నికున్న విలువ ఏమిటో మన పల్లెలకు ఎవరూ నేర్పనక్కరలేదు.

ఫెల్టు టోపీలు ముఖ్యంగా మూడు రకాలు. కుందేలు, బీవరు వంటి జంతువుల మెత్తని బొచ్చుతో చేసినవి అన్నింటికంటే శ్రేష్ఠమైనవి. అవి తేలికగా ఉంటాయి, చినుకులకు లొంగవు, ఏళ్ల తరబడి ఆకారం కోల్పోవు. పేరున్న విదేశీ సంస్థలు చేసినవైతే ధర పదివేల రూపాయలు దాటడం సాధారణం. గొర్రె ఉన్నితో చేసినవి రెండవ రకం. ఇవి కొంచెం బరువుగా, గరుకుగా ఉంటాయి. బాగా తడిస్తే కుంచించుకుపోతాయి. జాగ్రత్తగా వాడుకుంటే మధ్యతరగతి కుటుంబానికి ఇవి చాలు. మూడవ రకం పాలిస్టరు పోగులను జిగురుతో అతికించి, అచ్చులో నొక్కి చేసినవి. చూపులకు మొదటి రెండు రకాల్లాగే ఉంటాయి. తడిసినప్పుడు వీటి నిజస్వరూపం బయటపడుతుంది. మామూ తలమీదికి వచ్చింది ఇదే.

దుకాణంలో ఏమి చూడాలి?

మొదట టోపీ అంచును వేళ్లతో మెల్లగా వంచి వదలాలి. మంచి ఫెల్టు వెంటనే యథాస్థితికి వస్తుంది. వంచినచోట తెల్లని గీత పడినా, అట్టలా చప్పుడు చేసినా అందులో జిగురు ఎక్కువగా ఉందని అర్థం.

తరువాత టోపీని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని లోపలి నుంచి చూడాలి. మందం అంతటా సమానంగా ఉండాలి. పలుచని మచ్చలు కనిపిస్తే కొద్దికాలంలోనే అక్కడ చిల్లు పడుతుంది. తడి చేతిరుమాలుతో ఒక మూల రుద్ది, రంగు అంటుతున్నదేమో గమనించాలి. ఈ ఒక్క పని చేసి ఉంటే మామూ కుర్తా దక్కేది.

ఉన్ని అవునా కాదా అన్న సందేహం కలిగితే, దుకాణదారుడి అనుమతితో లోపలి అంచు నుంచి రెండు పోగులు లాగి వాటికి నిప్పు అంటించి చూడవచ్చు. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టరు అయితే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. శాలువాలు, శీతాకాలపు షేర్వానీ బట్ట కొనేటప్పుడు కూడా ఈ పరీక్ష పనికివస్తుంది. అందుకు అంగీకరించని వ్యాపారిని, ‘స్వచ్ఛమైన ఉన్ని’ అనే మాటను బిల్లు మీద రాసి ఇమ్మని అడగండి. సరుకు నిజమైనదైతే ఆ మాట రాయడానికి అతనికి అభ్యంతరం ఉండదు.

టోపీ లోపల నుదుటికి తగిలే చెమట పట్టీని తప్పక చూడాలి. మన ఎండలకు టోపీ మొదట పాడయ్యేది అక్కడే. పట్టీ అతికించినదిగా కాక చుట్టూ కుట్టినదిగా ఉండాలి. నూలు పట్టీ చెమటను పీల్చుకుంటుంది. మేలైన టోపీలకు తోలు పట్టీ వేస్తారు. ముస్లిం కుటుంబాలు ఇక్కడ ఒక ప్రశ్న అడగడం మరచిపోకూడదు: ఆ తోలు ఏ జంతువుది? కొన్ని చోట్ల పంది తోలును కూడా ఇందుకు వాడతారు. పంది తోలు మీద రోమరంధ్రాలు మూడేసి చొప్పున ముక్కోణంగా గుంపులు కట్టి ఉంటాయి. పరిశీలించి చూస్తే తెలుస్తుంది. అనుమానం తీరకపోతే నూలు పట్టీ ఉన్న టోపీని తీసుకోవడమే మేలు.

ఇక కొలత. చెవులకు కొంచెం పైగా, నుదుటి మధ్య నుంచి తల వెనుక ఉబ్బుగా ఉన్న భాగం మీదుగా టేపు చుట్టి కొలవాలి. పెద్దవారి తలలు ఎక్కువగా 55 నుంచి 60 సెంటీమీటర్ల మధ్య ఉంటాయి. టేపు లేకపోతే దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పరచినా సరిపోతుంది. టోపీ పెట్టుకున్నాక నుదుటికీ పట్టీకీ మధ్య ఒక వేలు ఇరుకుగా దూరాలి. అంతకంటే బిగుతైతే తలనొప్పి, వదులైతే గాలికి ఎగిరిపోతుంది. మా తమ్ముడు తండ్రి తల కొలవకుండా, తన తలకు పెట్టుకుని చూసి కొన్నాడు. పైగా మామూ ఎప్పుడూ తెల్లని నూలు టోపీ ధరించే ఉంటారు. దాని మీద ఇది ఎక్కలేదు. మన ఇళ్లలో చాలామంది పెద్దలకు ఈ అలవాటు ఉంది కనుక, లోపలి టోపీ ధరించి ఉన్నప్పుడే కొలత తీసుకోవాలి.

చివరగా బిల్లు. బిల్లు లేకపోవడం వల్ల మా తమ్ముడి తరఫున అడగడానికి వెళ్లిన బంధువును ఆ దుకాణంవారు గుర్తే పట్టలేదు. బిల్లు ఉంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేసి సలహా కూడా పొందవచ్చు.

ఇక్కడ వ్యాపారం చేసే సోదరులతో ఒక మాట. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా ఉంది. వానకు తడిసిందని వర్తకుడు చెబితే, ఆ తడిసినదాన్ని అందరికీ కనిపించేలా పైనే ఎందుకు ఉంచలేదని ఆయన మందలించారు. ధాన్యం ఆరబోసే ఊళ్లలో ఉన్న మనకు ఈ సంఘటనను విడమరచి చెప్పనవసరం లేదు. ఉన్ని కానిదాన్ని ఉన్ని అని అమ్మడం కూడా తడిధాన్యం మీద పొడిధాన్యం పరచడం వంటిదే.

ఎండకు ఏది?

అసలు ఫెల్టు ఫెడోరా నిజమైన ఉన్నిదే అయినా, ఏప్రిల్ ఎండలో పొలానికి తగినది కాదు. ఉన్ని వేడిని పట్టి ఉంచుతుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా చలి ఉదయాల్లో, ప్రయాణాల్లో దాని ఉపయోగం దానికి ఉంది. వేసవికి కావలసింది గాలి ఆడే టోపీ.

ఎండ నుంచి రక్షణకు అంచు చుట్టూ సమానంగా, కనీసం 7.5 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలని ఆస్ట్రేలియా క్యాన్సర్ కౌన్సిల్ సూచిస్తోంది. ముందువైపు మాత్రమే అంచు ఉండే క్రికెట్ టోపీ చెవులనూ మెడనూ కాపాడదు. రుమాలు తలను కప్పుతుంది కానీ కళ్లకు నీడనివ్వదు. ఏళ్ల తరబడి ఎండ కళ్లలో పడడం శుక్లాలకు దారితీసే కారణాల్లో ఒకటని వైద్యులు చెబుతారు.

గడ్డితో అల్లిన టోపీల్లో ప్రపంచ ప్రసిద్ధమైనది పనామా టోపీ. పేరు పనామాదే అయినా దానిని అల్లేది ఈక్వెడార్ దేశంలో. టొకియా అనే మొక్క ఆకుల నారతో అల్లే ఆ విద్యను యునెస్కో 2012లో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. మనకు అంత దూరం వెళ్లనవసరం లేదు. తాటాకుతో అల్లిన వెడల్పాటి టోపీ కానీ, చిక్కని నేత గల నూలు గుడ్డతో కుట్టిన వెడల్పు అంచు టోపీ కానీ సరిపోతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు అల్లికలోంచి ఎండ చుక్కలుగా కనిపించకూడదు. గడ్డం కింద కట్టుకునే తాడు ఉండాలి. గుడ్డ టోపీ అయితే ఉతుక్కోవడానికి వీలుంటుంది. ఏ టోపీ ఉన్నా మిట్టమధ్యాహ్నం నీడకు చేరడం, దాహం వేయకముందే నీళ్లు తాగడం మాత్రం మానరాదు.

‘ఇది మన వేషం కాదు’

మస్జిదు మెట్ల మీద ఆ పెద్దమనిషి అన్న మాటను కూడా తేలికగా తీసుకోకూడదు. టోపీ మీద సముదాయాలు చాలా వాదించుకున్నాయి, కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు.

మన తాతల కాలంలో హైదరాబాద్ సంస్థానంలో షేర్వానీ మీద ఎర్రని రూమీ టోపీ ధరించడం గౌరవ చిహ్నం. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కూడా దానినే ధరించేవారు. అదీ ఫెల్టుదే, కానీ దానికి అంచు ఉండదు. అంచు లేకపోవడంవల్ల సజ్దాలో నుదురు నేలకు తగలడానికి అడ్డు ఉండదు. ఈ టోపీ మనకు ఉస్మానియా తుర్కీ నుంచి వచ్చింది. అక్కడ సుల్తాన్ రెండవ మహ్మూద్ 1829లో ఉద్యోగులంతా తలపాగాలు మాని దీనిని ధరించాలని శాసించాడు. అప్పుడు అది కొత్త వేషమని వ్యతిరేకించినవారు ఉన్నారు. సరిగ్గా మన నిజాంసాగర్ ఆనకట్ట నిర్మాణం సాగుతున్న రోజుల్లో (1923–1931), అంటే 1925 నవంబరులో, తుర్కీ ప్రభుత్వం ఆ రూమీ టోపీని నిషేధించి, అంచు టోపీలను ధరించాలని చట్టం చేసింది. వ్యతిరేకించినవారిని కఠినంగా శిక్షించింది. అంచు టోపీని విమర్శిస్తూ, ఆ చట్టానికి ముందే చిన్న పుస్తకం రాసిన ఇస్కిలిప్లీ ఆతిఫ్ హోజా అనే పండితుడిని 1926 ఫిబ్రవరిలో ఉరితీశారు. ఒకనాడు పరాయిదని వ్యతిరేకించిన టోపీయే వంద సంవత్సరాల్లో తమ అస్తిత్వ చిహ్నంగా మారింది. దానిని బలవంతంగా తీయించడం ఎంత అన్యాయమో, అంచు టోపీ పెట్టుకున్నవాడిని పరాయివాడిగా చూడడం కూడా అంతే తొందరపాటు.

ఈ ప్రశ్నకు అంతకు ముందే, 1903లో, ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ అబ్దూ సమాధానమిచ్చారు. దక్షిణ ఆఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ ప్రాంతం నుంచి ఒక ముస్లిం, అక్కడివారు తమ అవసరాల కోసం ఐరోపా టోపీలు ధరించవచ్చునా అని అడిగారు. ధర్మాన్ని వదిలి మరొక మతంలో చేరే ఉద్దేశంతో కాకపోతే, దానివల్ల ధర్మభ్రష్టత కలగదని ఆయన తీర్పు చెప్పారు. ఎండ నుంచి కాపాడుకోవడం వంటి అవసరానికి ధరిస్తే అయిష్టకరం కూడా కాదన్నారు. ఈ ఫత్వా మీద ఆనాడు ఈజిప్టు పత్రికల్లో పెద్ద దుమారమే చెలరేగింది. భిన్నాభిప్రాయం ఉన్నవారు తమ ఆలింలను సంప్రదించవచ్చు. అయితే వడదెబ్బతో ఒకసారి నేలకొరిగిన రైతుకు ఎండ నుంచి రక్షణ ఎంత అవసరమో ఎవరూ కాదనలేరు. నమాజు వేళకు అంచు టోపీ తీసి పక్కన పెడితే, లోపల తెల్లని టోపీ ఉండనే ఉంది.

రెండవ టోపీ

నేను ఉన్నప్పుడే ముమానీ ఒక దారం తెచ్చి, మామూ నూలు టోపీ ధరించి ఉండగానే తల చుట్టూ కొలిచారు. 58 సెంటీమీటర్లు వచ్చింది. ఎల్లారెడ్డి బజారులో వెతికితే, 8 సెంటీమీటర్ల అంచు, గడ్డం కింద తాడు ఉన్న ముదురు నూలు గుడ్డ టోపీ 350 రూపాయలకు దొరికింది. ఒకటి అనుకుని వెళ్లి రెండు తెచ్చాము. రెండవది ముమానీకి. నాట్ల సమయంలో ఆమె ఓఢ్నీ మీద దానినే పెట్టుకుంటున్నారు. ఇంటి పెద్దకు వడదెబ్బ తగిలితే అందరం కంగారుపడతాము కానీ, అదే పొలంలో వంగి నాట్లు వేసే ఇల్లాలి నెత్తి మీద ఏముందో చూడడం మరచిపోతాము.

ఇది రాయడానికి మామూ అనుమతి అడిగాను. “వాడికి తెలిస్తే బాధపడతాడు బేటా” అన్నారు.

“తెలియకపోతే మళ్లీ మోసపోతాడు మామూ. పైగా మీరు రోజూ ఆ టోపీ పెట్టుకుంటున్నారని ధైర్యంగా ఉన్నాడు. అది నిజం కాదు కదా!” అన్నాను.

కొంతసేపు మౌనంగా ఉండి, “సరే, రాయి. నేనే వాడికి ముందుగా చెబుతాను” అన్నారు. ఆ రాత్రే చెప్పారు. అవతల ఆ అబ్బాయి కాసేపు ఏమీ మాట్లాడలేదట. తరువాత, “కొత్తది పెట్టుకుని ఒక ఫోటో పంపండి అబ్బా” అన్నాడట.

పాఠకులకు నా మనవి ఒక్కటే. పెద్దలకు ఏదైనా కానుక తెచ్చేముందు వారి రోజు ఎక్కడ, ఏ పనిలో గడుస్తుందో తెలుసుకోండి. దారం తీసుకుని వారి తల కొలవండి. ఆ తరువాతే దుకాణానికి వెళ్లండి. ఇచ్చిన కానుక నిజంగా ఉపయోగపడుతోందా అని కొద్ది రోజుల తరువాత మళ్లీ అడగండి. పెద్దలు కూడా, పిల్లల మనసు నొచ్చుకుంటుందేమోనని తమ ఇబ్బందిని దాచకండి. మీకు కలిగే హాని వారికి డబ్బు నష్టం కంటే ఎన్నో రెట్లు పెద్దది.